కుడివైపు పడిన నీడలు

దెయ్యాలంటే నాకు భయం లేదని చెప్పను. భయం లేదని చెప్పుకోవాలన్నా, ఉన్నాయేమోనన్న అనుమానం మనసులో ఏ మూలో ఉండాలి. నాకు అదీ లేదు. అమలాపురంలో మా నాన్నగారి స్టూడియోలో, డార్క్‌రూములో, ఎర్రబల్బు కింద పెరిగినదాన్ని నేను. చీకట్లో తెల్ల కాగితం మీద మనిషి మొహం మెల్లగా తేలి రావడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటే. పోయినవాళ్ళ ఫోటోలూ అలాగే తేలి వచ్చేవి. దాని వెనక ఉన్నవి మందునీళ్ళూ వెలుగూ తప్ప ఇంకేమీ కావని నాకు తెలుసు.

ఇప్పటికీ నేను నమ్మేది అదే. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

తొంభైల చివర్లో జరిగింది ఇది. నాన్నగారు పోయాక స్టూడియో నేనే చూసుకునేదాన్ని. మావారు ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు. ఆయన ఎలాంటి మనిషో ముందే చెప్పాలి. బెత్తం పట్టరని పిల్లల తల్లిదండ్రులే హెడ్మాస్టరుకి ఫిర్యాదు చేసేవారు. ఇంట్లో బొద్దింక కనిపిస్తే చీపురు నా చేతికిచ్చి పక్కకి తప్పుకునేవారు. పెళ్ళయి పదేళ్ళు దాటినా నన్ను ఒక్కసారి కూడా ‘ఏమే’ అనలేదు. ‘విజయా’ అని పిలిచేవారు, అదీ నెమ్మదిగా.

పాస్‌పోర్టు ఫోటోలూ పెళ్ళి ఫోటోలూ మా బతుకుతెరువు. నాకు ఇష్టమైనవి మాత్రం ఏటి ఒడ్డున ఉన్న పాత కట్టడాలు. రేవు పక్క సత్రాలు, లాకుల దగ్గర బంగళాలు, గోదావరి వైపు మొహం పెట్టి కట్టుకున్న మేడలు. సెలవురోజుల్లో మావారి స్కూటర్ వెనక కూర్చుని, భుజానికి కెమెరా సంచీ, ఒళ్ళో స్టాండు పెట్టుకుని తిరిగేదాన్ని.

ఏటి ఒడ్డు ఇంటిని ఫోటో తీయడం సులువనిపిస్తుంది. కాదు. నేను మొదట్లో తీసినవన్నీ పాడైపోయాయి. ఇల్లు అగ్గిపెట్టెలా చిన్నదైపోయి, చుట్టూ నీళ్ళూ ఆకాశమూ తెల్లగా మిగిలేవి. మేడ నెత్తి కూడా పడాలని కెమెరా పైకెత్తితే గోడలు వెనక్కి ఒరిగిపోయినట్టు వచ్చేవి. పోనుపోను నేర్చుకున్నాను. కెమెరా ఎత్తకూడదు, మనమే ఎత్తైన చోటు చూసుకుని నిలబడాలి, లేదా వెనక్కి జరగాలి. ఫ్రేములో నీళ్ళు ఎంతుండాలో ముందే తేల్చుకోవాలి. రేవుమెట్లు ఒక మూల నుంచి మొదలై చూపుని గుమ్మం దాకా తీసుకెళ్ళేలా చూసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం ఎండ. ఎదురెండలో ఎంత గొప్ప మేడైనా అట్టముక్కలా ఉంటుంది. ఎండ పక్కనుంచి పడితేనే స్తంభాలు గుండ్రంగా కనిపిస్తాయి, వాటి నీడలు గోడ మీద పొడుగ్గా సాగుతాయి, గోడకి ప్రాణం వస్తుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదాంట్లో నాకు ఎప్పటికీ అంతుబట్టనిది ఆ ఎండ సంగతే.

ఆ వేసవిలో రాఘవమ్మగారు స్టూడియోకి వచ్చారు. డెబ్భై దాటిన మనిషి, బక్కపలచగా, నిటారుగా ఉండేవారు. కొత్తపేట అవతల గౌతమి ఒడ్డున వాళ్ళ ఊరు. ఊరి పేరు రాయను, వాళ్ళ వాళ్ళు ఇంకా అక్కడ ఉన్నారు. ఆ మలుపులో గోదావరి ఏటికేడు గట్టుని కోసుకుంటూ వస్తోంది. ఒడ్డునున్న వాళ్ళ పాత మేడని వరదల్లోపు విప్పించేసి తలుపులూ దూలాలూ తీయించుకోవాలనుకుంటున్నారు. ఈలోగా ఏటివైపు నుంచి ఒక మంచి ఫోటో కావాలన్నారు.

“ఇళ్ళు మీరు బాగా తీస్తారని చెప్పేరండి. ఒక్కటి చాలు. పెద్దది.”

ఇంటి ముఖం ఎటని అడిగాను. ఉత్తరం అన్నారు. నాకు సంతోషం వేసింది. ఉత్తరముఖం గోడకి మన వైపు ఎండ తగిలేది నడి వేసవిలోనే. పొద్దున్న తూర్పు నుంచి కాసేపు, సాయంత్రం పడమర నుంచి కాసేపు, గోడని రాసుకుంటూ పోతుంది. నాకు కావలసింది సరిగ్గా అలాంటి ఎండే. పొద్దున్నయితే గాలి ఉండదు, నీళ్ళు నిలకడగా ఉంటాయి. అందుకని తెల్లవారేసరికి వస్తామన్నాను.

“పొద్దున్న వొద్దండి,” అన్నారావిడ వెంటనే. “సాయంత్రం తియ్యండి.”

“పొద్దున్నయితే నీళ్ళల్లో మేడ నీడ కూడా పడుతుందండి.”

“నీళ్ళు నాకక్కర్లేదమ్మా. సాయంత్రం తియ్యండి.”

పెద్దావిడ, ఏదో పట్టింపు అనుకున్నాను.

మేమిద్దరం ఒక ఆదివారం మధ్యాహ్నం బయలుదేరాం. రాఘవమ్మగారు ఊరి లోపల కొత్త ఇంట్లో ఉంటారు. మాకు మజ్జిగ ఇచ్చి, దారి చూపించారు కానీ తను రాలేదు. కొబ్బరితోట దాటగానే మేడ కనిపించింది. ఏటివైపు పొడుగాటి వసారా, చేతులకి అందనంత లావు గుండ్రటి స్తంభాలు, పైన కిటికీలున్న మేడగది. నెత్తిన సున్నంతో పోసిన అక్షరాల్లో ఎవరో పెద్దాయన పేరు. వసారా నుంచి రేవుమెట్లు నీళ్ళలోకి దిగాయి. కింది మెట్లు విరిగిపోయి ఉన్నాయి. వాటి చివర, లోతులేని నీళ్ళలో, ఒకప్పుడు పడవలు కట్టుకున్న ఇటుకల దిమ్మ ఒకటి మిగిలింది. నాకు సరిపడా ఎత్తుంది. స్టాండు దాని మీద పెట్టాను.

ఎండ వాలేదాకా కూర్చున్నాం. మావారు ఇంటి నుంచి తెచ్చిన జంతికలు తింటూ, మర్నాటి నుంచి స్కూలుకి వెల్ల వేయిస్తున్నారని ఏదో చెప్పారు. అంతా మామూలుగానే ఉంది.

సూర్యుడు నాకు కుడివైపు కిందికి దిగాక, నేను అనుకున్నట్టే ఎండ వసారాలోకి ఏటవాలుగా వచ్చింది. స్తంభాల నీడలన్నీ గోడ మీద ఎడమవైపుకి పడ్డాయి. కొన్ని ఫోటోలు తీశాను. మేడ ఎంత పెద్దదో తెలియడానికి ఫ్రేములో ఒక మనిషి ఉంటే బాగుంటుందనిపించి ఆయన్ని పిలిచాను.

“ఏవండీ, ఒకసారి ఆ మధ్య స్తంభం పక్కన నిలబడరూ?”

ఆయన నవ్వుతూ మెట్లెక్కి వెళ్ళి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. నొక్కాను. రీలు తిప్పి మళ్ళీ చూసేసరికి ఆయన నవ్వడం లేదు. నా వైపు కూడా చూడడం లేదు. నేను నిలబడ్డ దిమ్మ పక్కన నీళ్ళలోకి చూస్తున్నారు, అక్కడ ఏదో కట్టి ఉన్నట్టు.

తర్వాత మెట్లు దిగడం మొదలుపెట్టారు. ఆ నడక ఆయనది కాదు. బరువైన మనిషి నడకలా ఉంది. దిగుతూ దిగుతూ కుడిచేత్తో తొడ దగ్గర ఏదో ఎగ్గట్టుకున్నారు, పంచె పైకి దోపుకున్నట్టు. ఆయన వేసుకున్నది ప్యాంటు.

“ఏమిటండీ? పాముందా?” అని అడిగాను.

జవాబుగా స్టాండుని కాలితో తన్నారు. కెమెరా ఇటుకల మీద పడి లెన్సు పగిలిన చప్పుడు వినిపించింది. అటు తిరిగేలోపు చెంప మీద దెబ్బ పడింది. నోట్లో రక్తం నిండింది. రెండో దెబ్బకి దిమ్మ మీంచి మెట్ల మీద పడ్డాను. భుజం దగ్గర ఏదో పుటుక్కుమంది. అది కాలర్ బోన్ అని తర్వాత డాక్టరు చెప్పారు.

ఆయన నా జడ చేతికి చుట్టుకున్నారు.

“ఎక్కడికే? పడవెక్కి ఎక్కడికి పోతావే మాణిక్యం?”

గొంతు ఆయనదే. మాటే ఆయనది కాదు. నేను ఏవండీ, ఏవండీ అని అరుస్తూనే ఉన్నాను. డొక్కలో తన్నారు. విరిగిన మెట్ల మీదుగా ఈడ్చుకుపోయి, వీపు మీద మోకాలు పెట్టి, తల నీళ్ళలోకి అదిమారు. అక్కడ మోకాలి లోతు కూడా లేదు. నా మొహం కిందున్న బురదా నాచూ పళ్ళకి తగిలాయి.

ఒకసారి జుట్టు పట్టి పైకి లేపారు. ఊపిరి పీల్చుకున్నాను. ఆ క్షణంలో నేను మరిచిపోలేనిది జరిగింది. ఆయన తలెత్తి మేడగది కిటికీ వైపు చూశారు. ఒక్కసారిగా గొంతు మెత్తబడింది, పసిపిల్లతో మాట్లాడినట్టు.

“నువ్వు లోపలికి పో అమ్మా. నాన్న వస్తన్నాడు.”

కిటికీలో ఎవరూ లేరు. మాకు పిల్లలు లేరు. అన్ని దెబ్బలకీ వేయనంత భయం ఆ మెత్తటి మాటకి వేసింది. వెంటనే నా తల మళ్ళీ నీళ్ళలోకి పోయింది.

చేతికి ఇటుక ముక్క దొరికితే వెనక్కి కొట్టాను. తగిలింది. నీళ్ళలో నా కళ్ళ ముందు రక్తం పాకడం చూశాను. పట్టు సడలలేదు. మళ్ళీ కొట్టాను. చెవుల్లో హోరు, ఛాతీలోకి నీళ్ళు. ఇక ఇంతే అనుకున్నాను.

ఉన్నట్టుండి వీపు మీద బరువు పోయింది.

దగ్గుకుంటూ లేచేసరికి ఆయన పై మెట్టు మీద కూర్చుని ఉన్నారు. కనుబొమ్మ చీలి మొహమంతా రక్తం. నన్ను చూసి బెదిరిపోయారు.

“విజయా! ఏమైంది? ఎవరు కొట్టేరు నిన్ను?”

చొక్కా విప్పి నా మొహం తుడవడానికి వచ్చారు. నేను ఒంటిచేత్తో పాక్కుంటూ వెనక్కి పోయాను. దగ్గరకి రావొద్దని అరిచాను. ఆయన చొక్కా పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. ఆయన గుప్పిట్లో నా జుట్టు పోగులున్నాయి. వాటినే చూసుకుంటూ ఉండిపోయారు. అప్పటికి గోడ మీద ఎండ లేదు.

నా అరుపులకి తోటలో కాయలు దింపుతున్నవాళ్ళు పరిగెత్తుకొచ్చి, పగిలిన కెమెరాతో సహా మమ్మల్ని అమలాపురం ఆసుపత్రికి చేర్చారు. నాచు మెట్ల మీద జారిపడ్డానని డాక్టరుగారికి చెప్పాను. ఆయన నా మెడ మీద వేళ్ళ గుర్తులు చూశారు, మావారి వైపు చూశారు. మావారే నోరు విప్పారు.

“నేనే చేసి ఉంటానండి. నాకేం గుర్తు లేదు. స్తంభం పక్కకెళ్ళి నించున్నాను. అంతే.”

కాకినాడ తీసుకెళ్ళి తలకి సంబంధించిన పరీక్షలన్నీ చేయించాం. ఏ లోపమూ లేదన్నారు. మూర్ఛలో ఇలాంటివి అరుదుగా జరగొచ్చని ఒక పెద్ద డాక్టరు అన్నారు. కావచ్చు. కానీ అంతకు ముందు ఆయనకి మూర్ఛ లేదు, ఆ తర్వాతా రాలేదు.

నేను రాజోలులో మా అమ్మ దగ్గరకి వెళ్ళిపోయాను. అమ్మకి కూడా జారిపడ్డాననే చెప్పాను.

చెయ్యి కట్టు విప్పాక ఒకరోజు స్టూడియోకి వచ్చి కెమెరా బయటికి తీశాను. లెన్సు పోయింది కానీ వెనక మూత తెరుచుకోలేదు, రీలుకి ఏమీ కాలేదు. నేనే కడిగాను. ముందు తీసినవి బాగానే వచ్చాయి. గోడలు నిలువుగా, మెట్లు నేను పెట్టిన మూల నుంచే, స్తంభాల నీడలు ఎడమవైపుకి.

ఆఖరిది, మావారు నిలబడ్డది, ప్రింటు వేస్తూ ఆగిపోయాను.

ఆ ఒక్క ఫోటోలో స్తంభాల నీడలు కుడివైపుకి పడి ఉన్నాయి. అన్నీ. ఎండ తూర్పు నుంచి, అంటే పొద్దున్న, పడితే ఎలా పడాలో అలా. ముందు నెగెటివు తిరగేసి పెట్టానేమో అనుకున్నాను. కాదు. మేడ నెత్తి మీది అక్షరాలు సరిగ్గానే చదవడానికి వస్తున్నాయి. మెట్లు కూడా వాటి మూలనే ఉన్నాయి. మధ్య స్తంభం పక్కన మావారు, చేతులు వెనక్కి పెట్టుకుని, నవ్వుతూ ఉన్నారు. ఆయన నీడ మాత్రం ఎడమవైపుకే ఉంది.

ఇల్లంతా పొద్దుటి ఎండలో ఉంది. ఆయన ఒక్కరే సాయంత్రం ఎండలో ఉన్నారు.

ఫోటోగ్రఫీ బాగా తెలిసిన ఇద్దరికి చూపించాను, ఏం జరిగిందో చెప్పకుండా. ఒకే ఫ్రేము మీద రెండుసార్లు తీశావన్నారు. ఆ కెమెరాలో ఆ వీలు లేదు. అలా తీసినా మనిషి ఒంట్లోంచి వెనకున్న గోడ కనబడాలి, కనబడడం లేదు. అన్నిటికీ మించి, ఆ మేడ ముందు నేను ఏ పొద్దునా నిలబడలేదు.

తర్వాత కొన్నాళ్ళకి రాఘవమ్మగారు రాజోలు వచ్చారు. తోటలోవాళ్ళు చెప్పినదాన్ని బట్టి ఆవిడకి కొంత తెలుసు. మా అమ్మ కాఫీ పెట్టడానికి వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగారు.

“మాస్టారు ఏమన్నా అన్నారా అండి, ఆ వేళ?”

“ఎవరినో పేరు పెట్టి పిలిచారండి.”

“మాణిక్యం అనా?”

తలూపాను.

“మా అమ్మండి.” ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పారు. “మా నాన్న కొట్టేవాడు. ఇక పడలేక పుట్టింటికి పోతానని పొద్దున్నే పడవ కట్టించుకుంది. వసారాలోకి అప్పుడే ఎండొచ్చింది. మా నాన్న స్తంభం పక్కన నించుని కాసేపు చూసేడు. తరవాత మెట్లు దిగేడు. పడవవాడు భయపడి పారిపోయేడండి. నేను చిన్నదాన్ని, మేడగది కిటికీలోంచి చూసేను. ఊళ్ళో కాలు జారి పడిందన్నారు. అందరూ అదే అన్నారు. నన్నడిగితే నేనూ అదే అన్నాను.”

మా అమ్మ వస్తుందేమోనని వంటింటి వైపు చూశాను.

“మధ్యలో నన్ను చూసేడండి. తలెత్తి చూసి...” ఆవిడ ఆగారు. ఆవిడ ఏం చెప్పబోతున్నారో నాకు తెలుసు. “నువ్వు లోపలికి పో అమ్మా, నాన్న వస్తన్నాడు, అన్నాడు. అంత మంచిగా నాతో ఎప్పుడూ మాట్లాడలేదండి ఆయన. నేను లోపలికి పోయేను. ఈ మాట మా ఇంటాయనకి కూడా చెప్పలేదు నేను.”

ఆ మాట నేను కూడా ఎవరికీ చెప్పలేదు. డాక్టరుకీ, మా అమ్మకీ, చివరికి మావారికీ. ఆవిడకి చెప్పాను.

ఆవిడ “ఆయ్” అన్నారు, అంతే. వెళ్ళబోతూ ఫోటో చూపించమన్నారు. వెంట తెచ్చుకున్న ప్రింట్లన్నీ చేతికిచ్చాను. ఆఖరిది చూడగానే ఆవిడ దాన్ని వెలుగు వైపు తిప్పి పట్టుకున్నారు.

“ఇది పొద్దున్న తీసేరేంటండి?”

“లేదండి. సాయంత్రమే.”

ఆ ఫోటోని బోర్లించి మంచం మీద పెట్టేశారు. ఏ ఫోటో తీసుకోకుండానే వెళ్ళిపోయారు. ఆ సంవత్సరం వరదలు రాకముందే మేడ విప్పించేశారని తెలిసింది. తర్వాతి వరదల్లో ఆ స్థలం కూడా గోదావరిలో కలిసిపోయింది.

మావారిది మలికిపురం వైపు. ఆ రోజుకి ముందు ఆయన రాఘవమ్మగారి ఊరు ఎప్పుడూ వెళ్ళలేదు. మాణిక్యం పేరు ఎక్కడైనా విని ఉండొచ్చు, కాదనను. కిటికీ వైపు చూసి అన్న మాట మాత్రం ఎక్కడా వినే వీలు లేదు.

కొన్ని నెలల తర్వాత నేను ఇంటికి తిరిగి వచ్చాను. రమ్మని ఆయన అడగలేదు. నేను వచ్చిన రోజు నుంచి ఆయన వీధివసారాలో మడతమంచం వేసుకుని పడుకునేవారు. తలుపు లోపల గడియ పెట్టుకున్నావా అని ప్రతిరోజూ బయటినుంచి అడిగి, చప్పుడు విన్నాకే పడుకునేవారు. ఒకరోజు, మొత్తం చెప్పు, ఏదీ దాచకు, అన్నారు. చెప్పాను. విన్నంతసేపూ తన చేతులనే చూసుకున్నారు. అప్పట్నుంచి నాకు మంచినీళ్ళ గ్లాసు ఇచ్చినా బల్ల మీద పెట్టి పక్కకి జరిగేవారు. మంచం మళ్ళీ లోపలికి రావడానికి చాలా కాలం పట్టింది. అదీ నేనే మోసుకొచ్చాను.

నేను ఫోటోలు తీయడం మానలేదు. తర్వాత డిజిటల్ కెమెరాలు వచ్చాయి, రీళ్ళ గొడవ పోయింది. ఏటి ఒడ్డుకి మాత్రం ఆయన నాతో వచ్చేవారు కాదు.

రెండువేల సంవత్సరం దాటాక ఒకసారి బంధువుల ఇంటికి వెళ్తూ పంటు మీద గోదావరి దాటాల్సి వచ్చింది. ఎక్కేటప్పుడు బల్ల తడిగా ఉండి నా కాలు జారింది. వెనకున్న ఆయన చటుక్కున నా జబ్బ పట్టుకున్నారు, గట్టిగా, వేళ్ళు దిగేలా. ఇద్దరం బిగుసుకుపోయాం. ఆయన నా మొహం చూసి, నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి వదిలేయబోయారు. కింద నీళ్ళున్నాయి.

“వదలకండి,” అన్నాను. “పట్టుకోండి.”

అవతలి ఒడ్డు దాకా పట్టుకునే ఉన్నారు.

డాక్టర్లు చెప్పింది నిజమే కావచ్చు. ఫోటోకి కూడా నాకు తెలియని కారణం ఏదో ఉండి ఉండొచ్చు. ఆ నెగెటివుని ఇప్పటికీ కిటికీ వెలుగులో పెట్టి చూస్తుంటాను, ఎక్కడో తప్పు దొరుకుతుందని. దొరకలేదు. నన్ను కొట్టిన చేతులు ఆయనవే, అందులో అనుమానం లేదు. కొట్టింది ఎవరో మాత్రం నాకు ఈ రోజుకీ తెలియదు.